గురువారం రాని ఎర్ర పేజీ

"ఒకటీ పన్నెండు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, నాలుగోసారి. "బుధవారం మధ్యాహ్నం ఒకటీ పన్నెండుకి నీ పేరుతో, నీ పాస్‌వర్డ్‌తో, ఇదిగో ఈ కంప్యూటర్ నుంచే ఆ ఫైల్ తెరుచుకుంది. సాయంత్రం ఆరింటికి ఆ ఇంటి తలుపు కొట్టారు. మిగతాది నన్ను చెప్పమంటావా, నువ్వే చెప్తావా?"

"నేను తెరవలేదు సార్," అంది క్లర్కు. ఆమెకీ అది నాలుగోసారే. గొంతులో ఏడుపు ఎప్పుడో అయిపోయింది, ఇప్పుడు మిగిలింది పొడి మాటే.

గుమ్మానికి ఆనుకుని నిలబడ్డ నిదానమ్మ ఆవులింతను పళ్ళ మధ్యే నొక్కేసింది. అది ఆమె అసలు పేరు కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్న రోజుల్లో ఇదే ఇన్‌స్పెక్టర్ పెట్టిన పేరు. ఉద్యోగం వదిలేసి ప్రైవేటు డిటెక్టివ్‌ అయినా పేరు మాత్రం ఆమెను వదల్లేదు. రెండు రోజులుగా ఆసుపత్రి వరండాలో ఇనుప కుర్చీయే పడక కావడంతో నడుం తనది కానట్టుంది. ఒక కాఫీ, ఒక దిండు, ఈ రెండింటిలో ఏది ముందు దొరికినా ఈ కేసు ఇన్‌స్పెక్టర్‌కే రాసిచ్చేసేలా ఉంది.

కానీ కేసు అలా రాసిచ్చేసేది కాదు. ఫ్యాక్టరీలో మంటలు లేచిన రోజున వెనక తలుపుకి తాళం వేయించింది ఎవరో కళ్ళారా చూసిన మనిషి ఒక్కతే ఉంది. అక్కడ సూపర్‌వైజర్‌గా పనిచేసిన ఆవిడ. సోమవారం కోర్టులో ఆ ఒక్క ముక్కా చెప్పాలి. ఆమెను దాచిన ఇంటి అడ్రసు ఆ కేసు నడుపుతున్న, నిదానమ్మను పిలిపించిన ఈ లాయరమ్మ ఆఫీసు సొంత సర్వర్‌లో తప్ప ఇంకెక్కడా లేదు. అయినా బుధవారం సాయంత్రం ఆ ఇంటికి ఎవడో కత్తితో ఆమెను వెతుక్కుంటూ వచ్చాడు. తలుపు తీసిన పాపానికి సాక్షి తమ్ముడు ఐసీయూలో ఉన్నాడు. ఆ రాత్రికి రాత్రే లాయరమ్మ సాక్షిని ఇంకో చోటికి మార్చేసింది. ఈవేళ శుక్రవారం. అడ్రసు ఎలా బయటికి పొక్కిందో తేలకపోతే ఆ కొత్త చోటు కూడా సోమవారం దాకా నిలవదు.

ఇన్‌స్పెక్టర్ లెక్కలో అది ఎప్పుడో తేలిపోయింది. ఐదింటికి క్లర్కుని జీపెక్కించడమే తరువాయి. గోడ గడియారం మూడూ పది చూపిస్తోంది.

"ఆ పిల్లని నేనొక రెండు ముక్కలు అడగొచ్చా?" అంది నిదానమ్మ.

"అడగండి మేడమ్, ఎవరొద్దన్నారు? మీరు రెండో ముక్క అడిగేలోపు నేను భోంచేసొస్తాను."

"మీరు ఎలాగూ నమలకుండా మింగుతారు కదా. ఐదు నిమిషాలు చాలు." ఆమె కుర్చీ లాక్కుని క్లర్కుకి ఎదురుగా కూలబడింది. "మధ్యాహ్నం ఎక్కడ తింటావమ్మా?"

"పైన, డాబా మీద. ఒంటిగంట నుంచి ఒకటిన్నర దాకా."

"తోడెవరు?"

"ఎవరూ ఉండరు మేడమ్. జూనియర్ లాయర్ గారు బయటికెళ్తారు. మేడమ్ గారు కోర్టులో ఉంటారు."

"అదీ సంగతి," అన్నాడు ఇన్‌స్పెక్టర్. "సాక్ష్యానికి పావురాల్ని పిలవాలి."

నిదానమ్మ వినిపించుకోలేదు. "ఈ వారంలో ఈ కంప్యూటర్‌తో ఏమైనా తేడాగా అనిపించిందా? చిన్నదైనా సరే."

"లేదండీ. ఎర్ర పేజీ వచ్చింది, అంతే. అది ఏటా వచ్చేదే."

"ఏటా వచ్చేదా?"

క్లర్కు గోడకేసి చూపించింది. కాగితం మీద నీలం ఇంకుతో గుండ్రటి అక్షరాలు. *వచ్చే గురువారం పొద్దున్నుంచి ఎర్ర పేజీ వస్తుంది. కంగారు పడకండి. అడ్వాన్స్‌డ్ నొక్కి, కింద 'అయినా సరే వెళ్ళు' అన్నది నొక్కండి. మళ్ళీ ఏడాది దాకా రాదు. ఇట్లు, బాబాయ్.*

బాబాయ్ అంటే ఎవరికీ బాబాయ్ కాదు. ఈ ఆఫీసు కంప్యూటర్లు చూసే పెద్దాయన. ఉన్నది ఆరు కంప్యూటర్లు, ఒక సర్వర్. ఆ సర్వర్ కూడా పైఅంతస్తులో పాత చట్టాల పుస్తకాలున్న బీరువాలోనే కాపురం. నిదానమ్మ కాగితాన్ని రెండుసార్లు చదివింది. ఒకసారి చాలు గానీ, నిద్ర లేని కళ్ళు మొదటిసారికి నమ్మలేదు.

"ఇది ఎప్పుడు అంటించారు?"

"పోయిన శుక్రవారం."

"నీకు ఎర్ర పేజీ ఎప్పుడొచ్చింది?"

"మంగళవారం. పదకొండున్నరకి కొంచెం ముందు. పిటిషన్ వెయ్యాల్సిన హడావుడిలో ఉన్నా, అందుకే గుర్తుంది."

"కాగితం మీద గురువారం అనుంది కదా."

"బాబాయ్ ముందే కానిచ్చేశాడనుకున్నా మేడమ్. ఆయనకి అన్నీ ముందే చేసే అలవాటు."

"మరి గురువారం? నిన్న వచ్చిందా?"

"లేదు." క్లర్కు ఆ ప్రశ్న తనకే విచిత్రంగా అనిపించినట్టు చూసింది. "ఒకసారి నొక్కేశాక మళ్ళీ రాదు కదా."

నిదానమ్మ బల్ల మీదున్న ఇంటర్‌కమ్ ఎత్తి పైఅంతస్తు నంబరు నొక్కింది. "జూనియర్ గారా? మీకు ఆ ఎర్ర పేజీ ఎప్పుడొచ్చింది?"

"నిన్న పొద్దున్న," అన్నాడు జూనియర్ లాయరు. "తొమ్మిదింటికి. పైన అందరికీ నిన్నే వచ్చింది. ఏమైంది?"

"మీరు కుర్చీలోంచి లేవకండి, మళ్ళీ చేస్తాను," అని పెట్టేసి, తన ఫోన్ తీసి బాబాయ్‌కి చేసింది. ఆయన ఆయాసం ముందు వినిపించింది, ఆయన తర్వాత.

"సర్వర్ గుర్తింపు సర్టిఫికెట్ ఎప్పుడు మార్చారు బాబాయ్ గారూ?"

"బుధవారం సాయంత్రం ఆరున్నరకమ్మా, అందరూ వెళ్ళాక. పాతదానికి బుధవారం దాకా గడువుంది. మంగళవారం నేనెందుకు మారుస్తాను, పని లేకనా?"

"మార్చినప్పుడు దాని వేలిముద్ర, అదే, ఆ గుర్తింపు అంకెల వరుస, ఎవరికైనా చదివి వినిపిస్తారా?"

"మొదట్లో వినిపించేవాణ్ణి. ఒక్కొక్కళ్ళకీ ఫోన్ చేసి, ఒక్కో అక్షరం చదివి, మీ తెర మీద ఇదే ఉందా అని అడిగి, ఆ తర్వాతే నొక్కనిచ్చేవాణ్ణి. అందరూ విసుక్కున్నారు. మాకు వేరే పన్లు లేవా బాబాయ్ అన్నారు. మోకాళ్ళ ఆపరేషన్ అయ్యాక నాకూ ఓపిక పోయింది. కాగితం అంటించేస్తున్నాను." ఆగి, "తప్పు చేశానంటావా?" అన్నాడు.

నిదానమ్మ ఆ ప్రశ్నకి జవాబివ్వకుండానే పెట్టేసింది. ఆయన్ని ఓదార్చడానికి ఓపిక లేదు. నిజం చెప్పడానికి అసలు లేదు.

"అయిందా?" అన్నాడు ఇన్‌స్పెక్టర్. "ఎర్ర పేజీ, పచ్చ పేజీ. ఇది హత్యాయత్నం కేసు మేడమ్, రంగుల పెట్టె కాదు. మీరు పేజీలు లెక్కపెడుతూ కూర్చున్న ఈ కాసేపట్లో నేను కొత్త చోటుకి ఇద్దరు కానిస్టేబుళ్ళని కాపలా కూడా పంపేశాను."

"మంచి పని చేశారు. ఇప్పుడు ఇంకో మంచి పని చెయ్యండి, ఇటొచ్చి ఈ తెర చూడండి." ఆమె మౌస్ పట్టుకుంది. "మామూలుగా సర్వర్లకి సర్టిఫికెట్ ఇచ్చే పెద్ద సంస్థలుంటాయి. బ్రౌజర్ వాటిని గుర్తుపడుతుంది. ఇది నాలుగ్గోడల మధ్య వాడుకునే సర్వర్ కాబట్టి, బాబాయే సర్టిఫికెట్ రాసి, బాబాయే సంతకం పెట్టాడు. బ్రౌజర్‌కి బాబాయ్ ఎవరో తెలీదు. అందుకే ఎర్ర పేజీ చూపించి, ఇతనెవరో నాకు తెలీదు, నీకు తెలుసా అని అడుగుతుంది."

"తన గుణగణాలకి తనే సర్టిఫికెట్ రాసుకోవడమన్నమాట. మా డిపార్ట్‌మెంట్లో బోలెడుమంది ఉన్నారు."

"రాసుకోవడంలో తప్పు లేదు. వేలిముద్ర సరిచూసుకుని నమ్మితే అది గట్టిదే. వీళ్ళు చూసుకోలేదు. తెలుసు అని నొక్కేశారు. ఇప్పుడు చెప్పండి. మంగళవారం బాబాయ్ ఏదీ మార్చలేదు. మరి ఈ అమ్మాయి ఎవర్ని నమ్మింది?"

ఇన్‌స్పెక్టర్ వెటకారం మానేసి తెర దగ్గరికి వంగాడు. చాలా ఏళ్ళలో మొదటిసారి కాబట్టి నిదానమ్మ ఆ క్షణాన్ని కాస్త ఆస్వాదించాలనుకుంది, కానీ ఒంట్లో అంత సత్తువ లేదు. అడ్రసు పక్కనున్న తాళం బొమ్మ నొక్కి సర్టిఫికెట్ వివరాలు తెరిచింది. పొడుగ్గా అంకెలూ అక్షరాలూ. ఇంటర్‌కమ్ ఎత్తింది.

"జూనియర్ గారూ, మీ తెర మీద తాళం బొమ్మ నొక్కి, సర్టిఫికెట్ వేలిముద్ర మొదట్నుంచి చదవండి."

"సీ తొమ్మిది. సున్నా నాలుగు. ఈ ఈ. ఒకటి బీ."

ఆమె వేలు తెర మీద మొదటి అక్షరాల దగ్గరే ఆగిపోయింది. ఇక్కడ ఉన్నది ఏడు ఎఫ్. తర్వాత ఇరవై రెండు. ఆ తర్వాతది కూడా ఏ మాత్రం పోలిక లేదు.

"ఒకే సర్వర్‌కి రెండు వేలిముద్రలు," అంది. "అంటే ఈ కంప్యూటర్ మాట్లాడుతున్నది సర్వర్‌తో కాదు. మధ్యలో ఇంకెవడో కూర్చున్నాడు. ఈ పిల్ల చెప్పింది విని అటు చెప్తాడు, అక్కడి జవాబు చదువుకుని ఇటు ఇస్తాడు. పాస్‌వర్డ్ కూడా వాడి చేతుల మీదుగానే వెళ్ళింది. నిన్న అసలు సర్టిఫికెట్ మారినప్పుడు పైవాళ్ళందరికీ ఎర్ర పేజీ వచ్చింది. ఈమెకి రాలేదు. ఎందుకంటే ఈమెకి కనిపిస్తున్నది మంగళవారం నమ్మినవాడే." ఆమె తెర మీద కిందకి జరిపింది. "తయారైన తేదీ కూడా రాసుంది, చూడండి. సోమవారం, సాయంత్రం నాలుగూ నలభై ఏడు. దొంగ సర్టిఫికెట్టే గానీ ముహూర్తం మాత్రం నిజాయితీగా రాసుకున్నాడు."

క్లర్కు రెండు చేతులతో నోరు మూసుకుంది.

"సోమవారం ఎవరొచ్చారమ్మా ఈ గదిలోకి?"

"నెట్ రిపేరు అతను." క్లర్కు సొరుగులోంచి సందర్శకుల పుస్తకం తీసి సోమవారం పేజీ తిప్పింది. లోపలికి నాలుగున్నర, బయటికి ఐదూ ఐదు. సంతకం బాగా నిండుగా ఉంది. "మెళ్ళో కార్డు ఉంది మేడమ్. ఫొటో ఉంది. లైను చెక్ చెయ్యాలన్నాడు. నేనే... గోడ మీద కాగితం చదివి, మీ బాబాయ్ దస్తూరీ బావుందే అని కూడా అన్నాడు."

"మా వాళ్ళు ఈ గదంతా జల్లెడ పట్టారు," అన్నాడు ఇన్‌స్పెక్టర్, కానీ గొంతులో మునుపటి పదును లేదు.

"బల్ల పైన పట్టారు."

నిదానమ్మ లేచింది. తర్వాత ఆ లేచిన శ్రమంతా వృథా చేస్తూ నేల మీద మోకాళ్ళూనింది. ఫోన్ లైటు వేసి బల్ల కిందకి దూరింది. దుమ్ము, ఒక పెన్ను మూత, ఎవరిదో జడ పిన్ను. ఎక్స్‌టెన్షన్ బోర్డు. కంప్యూటర్, తెర, ప్రింటరు, టేబుల్ ల్యాంపు. నాలుగు వస్తువులకి ఐదు ప్లగ్గులున్నాయి. ఐదోది చిన్నది, తెల్లది, ఫోన్ చార్జరులా అమాయకంగా ఉంది. దాని వైరు పట్టుకుని వేళ్ళతో తడుముకుంటూ వెళ్తే బల్ల వెనక చెక్కకి, గోడకి మధ్య సందులో నల్ల టేపుతో అంటించిన డబ్బా తగిలింది. సబ్బు పెట్టెకన్నా చిన్నది. కంప్యూటర్ నుంచి వచ్చే నెట్ వైరు ఒక పక్క దూరుతోంది, గోడలోకి వెళ్ళే వైరు ఇంకో పక్క నుంచి బయటికొస్తోంది. మధ్యలో ఒక పచ్చ దీపం, తీరిగ్గా, కన్ను కొడుతున్నట్టు వెలిగి ఆరుతోంది.

ఇన్‌స్పెక్టర్ పక్కనే వంగి, చెయ్యి చాపాడు.

"పీకకండి," అంది. "పీకితే వాడికి తెలిసిపోతుంది. ముందు వాడు ఏమేం చదివాడో..."

ఆ మాట సగంలో ఆగింది. బల్ల కిందే, మోకాళ్ళ మీదే, ఆమె తల తిప్పి ఇన్‌స్పెక్టర్ మొహంలోకి చూసింది.

"కొత్త చోటుకి కానిస్టేబుళ్ళని పంపానన్నారు. ఆ అడ్రసు మీకెవరు చెప్పారు?"

"ఎవరూ నోటితో చెప్పలేదు. లాయరమ్మ బుధవారం రాత్రే సర్వర్‌లో పెట్టిందట, తనకీ జూనియర్‌కీ తప్ప ఇంకెవరికీ తెరుచుకోకుండా. జూనియర్ వచ్చి తన పాస్‌వర్డ్ కొట్టి ఫైలు తెరిచిచ్చాడు. చూసుకున్నా."

"వచ్చి అంటే, ఎక్కడికొచ్చి?"

ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా లేచి నిలబడి, తన ఎదురుగా ఉన్న కంప్యూటర్‌ను, దాని ముందున్న కుర్చీని చూశాడు. ఆ కుర్చీ వీపుకి అతని టోపీ ఇంకా వేలాడుతోంది.

"ఎన్నింటికి?"

"రెండూ ఇరవై." ఇన్‌స్పెక్టర్ గడియారం చూశాడు. "పైకి మెట్లెక్కడం ఎందుకని..."

మూడూ ముప్పై నాలుగు.

నిదానమ్మ బల్ల అంచు పట్టుకుని లేచింది. నడుం నొప్పి ఉందో లేదో ఇప్పుడు గుర్తు లేదు. ఇంటర్‌కమ్‌లో పిలవగానే జూనియర్ లాయరు రెండేసి మెట్లు దిగి వచ్చి, సాక్షి దగ్గరున్న ఫోన్ నంబరు చీటీ చేతిలో పెట్టాడు. ఆమె నంబరు కొట్టి స్పీకర్ పెట్టింది. ఇన్‌స్పెక్టర్ పక్కకి వెళ్ళి తన వాళ్ళకి చేస్తున్నాడు.

ఐదు రింగులు. ఆరోది సగంలో తెగింది.

"హలో?" సన్నటి ఆడగొంతు.

"నేను లాయరమ్మ తరఫు డిటెక్టివ్‌ని మాట్లాడుతున్నానమ్మా. అంతా బాగానే ఉందా?"

"బాగానే ఉందండీ. మీ మనిషి వచ్చాడు కదా. ఇన్‌స్పెక్టర్ గారు పంపారట, హాల్లో కూర్చున్నాడు. మంచినీళ్ళడిగితే వంటింట్లోకొచ్చా."

"ఒక్కడేనా?"

"ఒక్కడే. మామూలు బట్టల్లో ఉన్నాడు."

ఇన్‌స్పెక్టర్ చెవి దగ్గర ఫోన్‌తో వెనక్కి తిరిగాడు. "నా వాళ్ళు ఇంకా వంతెన దగ్గరే ఉన్నారు," అన్నాడు, పెదాలు కదిలీ కదలకుండా. "ట్రాఫిక్. ఇద్దరూ యూనిఫాంలోనే ఉన్నారు."

"అమ్మా, నేను చెప్పేది మొహంలో కనపడనీకు," అంది నిదానమ్మ. "ఆ మనిషి మా మనిషి కాదు. వంటింటికి వెనక తలుపు ఉంటే చప్పుడు కాకుండా బయటికి వెళ్ళిపో. ఇప్పుడే."

అటు నుంచి వచ్చిన గొంతులో భయం కన్నా అలసట ఎక్కువుంది.

"ఆయన చెప్పాడండీ, మీరు ఫోన్ చేస్తారని."

"ఏమని చెప్పాడు?"

"ఎవరో ఫోన్ చేసి, మేము ఫలానా అని, బయటికి రమ్మంటారు, వెళ్ళకు, అదే వాళ్ళ పథకం అన్నాడు. ఆయన కార్డు చూపించాడు. మా తమ్ముడి బెడ్ నంబరు చెప్పాడు. మీరు ఫోన్‌లో గొంతు తప్ప ఏం చూపించారు?"

ఇన్‌స్పెక్టర్ ఫోన్ లాక్కున్నాడు. "నేను ఇన్‌స్పెక్టర్ని మాట్లాడుతున్నా! వెంటనే..."

"ఎవరైనా అనొచ్చు కదండీ ఆ మాట."

నిదానమ్మ ఆలోచిస్తోంది. ఆమె పుట్టిన ఊరు, బడిలో చేరిన ఏడాది, తమ్ముడి ఒంటి మీది మచ్చ, ఫ్యాక్టరీలో హాజరు నంబరు. ఏది చెప్పినా నమ్మించవచ్చు. ఏది చెప్పినా పనికిరాదు. అన్నీ ఫైల్లో ఉన్నవే. ఫైల్లో ఉన్నదంతా హాల్లో కూర్చున్నవాడు చదివేసే వచ్చాడు.

"ఆ ఫోన్ ఇటివ్వండి సార్," అంది క్లర్కు.

ఇన్‌స్పెక్టర్ ఇవ్వలేదు. ఆమే అతని వేళ్ళలోంచి తీసుకుంది. స్పీకర్ ఆపేసి చెవికి ఆనించుకుంది.

"వదినా, నేను. నీ వాంగ్మూలం టైపు చేసినదాన్ని. మూడో రోజు సాయంత్రం నువ్వొక మాట చెప్పి, ఇది మాత్రం రాయకమ్మా అన్నావు, గుర్తుందా? నేను రాయలేదు. పక్కన కాగితం మీద కూడా రాసుకోలేదు. మేడమ్ గారికీ చెప్పలేదు."

ఆమె గోడవైపు తిరిగి, అరచెయ్యి నోటికి అడ్డం పెట్టుకుని, ఏదో అంది. ఒక్క వాక్యం. నాలుగైదు మాటలకన్నా ఉండవు. గదిలో ఉన్న మిగతా ముగ్గురిలో ఎవరికీ వినపడలేదు. వినాలని ముందుకి వంగిన ఇన్‌స్పెక్టర్‌ని నిదానమ్మ మోచెయ్యి పట్టి ఆపింది.

క్లర్కు కళ్ళు మూసుకుని వింటోంది.

"వెనక తలుపుందా వదినా?" అంది ఉన్నట్టుండి. "ఆ, కుళాయి విప్పి వదిలెయ్. చెప్పులు వద్దు. ఫోన్ పెట్టెయ్యకు, చేతిలోనే ఉంచు."

స్పీకర్ మళ్ళీ నొక్కింది. నీళ్ళ హోరు గదంతా నిండింది. దాని వెనక ఒట్టి పాదాల చప్పుడు, ఒకటి, రెండు. అప్పుడు, దగ్గర్లోనే, మర్యాదగా ఒక మగగొంతు: "ఎవరమ్మా ఫోన్‌లో?"

ఇన్‌స్పెక్టర్ అప్పటికే టోపీ వదిలేసి వీధి మెట్లు దిగి పరుగెత్తుతున్నాడు.

గొళ్ళెం ఒకటి గట్టిగా చప్పుడు చేసింది. తీసినదో వేసినదో, తలుపుకి ఇవతల నుంచో అవతల నుంచో, ఫోన్ చెప్పలేదు. నీళ్ళు మాత్రం పడుతూనే ఉన్నాయి.